క్లే షూటింగ్ మొదలుపెట్టాలనుకుంటున్నాను: ఇంట్లో షాట్‌గన్ ఎక్కడ, తాళాలు ఎవరి దగ్గర?

లంకగ్రామం (రెడింగ్), 6 సెప్టెంబరు 2025

సభ్యులందరికీ నమస్కారం. మా ఆఫీసులోని ఒక మిత్రుడు ఆగస్టులో నన్ను ఇక్కడ ఇంగ్లండ్‌లో, గాలిలోకి విసిరిన 'క్లే' అనే పళ్లాలను షాట్‌గన్‌తో పగలగొట్టే మైదానానికి తీసుకువెళ్లాడు. చిన్నప్పుడు కోనసీమలో పంగలకర్రతో మామిడికాయలు రాల్చిన అనుభవం తప్ప గురి చూసి కొట్టడమంటే ఏమిటో తెలియని నేను, ఆ రోజు శిక్షకుడి పక్కన నిలబడి ఇరవై ఐదు క్లేలలో ఏడింటిని పగలగొట్టాను. ఏడే అయినా, గాలిలో ఎగురుతున్న ఆ నల్లటి పళ్లెం పొడిపొడి అయిపోయినప్పుడు కలిగిన సంతోషం ఇంటికి వచ్చి రెండు వారాలైనా తగ్గలేదు. తరువాత మరి రెండుసార్లు వెళ్లాను. ఇప్పుడు షాట్‌గన్ ఉంచుకోవడానికి పోలీసులు ఇచ్చే సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకుని సొంత తుపాకీ కొనుక్కోవాలని ఉంది.

మాది గోడ కలిసిన జంట ఇల్లు. భార్య, తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు ఉన్నారు. మా అమ్మానాన్నలు ఏటా వేసవిలో వచ్చి కొన్ని నెలలు ఉంటారు. నా భార్యకు అభ్యంతరం లేదు గానీ ఒకే ఒక ప్రశ్న అడిగింది: "ఆ బీరువా తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి?" అని. నాకు జవాబు తెలియలేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఇక్కడ రాస్తున్నాను.

స్కీట్‌బాబాయ్ (సర్రే), 6 సెప్టెంబరు 2025

లంకగ్రామం గారూ, స్వాగతం. పదకొండేళ్లుగా ఈ ఆటలో ఉన్నాను కనుక ముందుగా ఒక మాట చెబుతాను: తుపాకీ కొనడానికి తొందరపడకండి. 1968 నాటి ఫైరార్మ్స్ చట్టంలో 11(6) అనే సెక్షన్ ఒకటి ఉంది. క్లేల వంటి కృత్రిమ లక్ష్యాలను కొట్టడానికి పోలీసు అధికారి అనుమతించిన స్థలంలో, అనుమతించిన సమయంలో సర్టిఫికెట్ లేనివారు కూడా షాట్‌గన్ వాడవచ్చునని ఆ సెక్షన్ చెబుతుంది. మీరు ఆగస్టులో కాల్చినది దాని కిందనే. కాబట్టి అటువంటి మైదానం చూసుకుని, వాళ్ల తుపాకులతోనే ఒక శీతాకాలమంతా నేర్చుకోవడానికి చట్టం అడ్డు రాదు. వానలో, చలిలో, వేళ్లు కొంకర్లు పోతున్నప్పుడు కూడా మైదానానికి వెళ్లాలనిపిస్తే అప్పుడు కొనుక్కోవచ్చు.

రెండో కారణం కన్ను. కుడిచేతి వాటం ఉన్నవారందరికీ కుడి కన్నే ప్రధానం కాదు. దూరంగా ఉన్న ఒక స్తంభాన్ని రెండు కళ్లూ తెరిచి వేలితో చూపించి, తరువాత ఒక్కొక్క కన్నూ మూసి చూడండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వేలు స్తంభం మీదనే నిలుస్తుందో అది మీ ప్రధాన నేత్రం. నాకు ఎడమ కన్ను ప్రధానమని తెలియక, కుడి భుజాన తుపాకీ పెట్టుకుని మొదటి ఏడాదంతా క్లేకు పక్కగా గాలిని కాల్చాను. ఈ సంగతి తేలకముందే కుడిచేతి వాటానికి మలిచిన మడమ (భుజానికి ఆనించే కర్ర భాగం) ఉన్న తుపాకీ కొనడం డబ్బు దండగ. మీ ఏడు క్లేలలో ఎన్ని ఎడమ నుంచి కుడికి పోయాయో, ఎన్ని కుడి నుంచి ఎడమకు వచ్చాయో గుర్తుందా?

లంకగ్రామం (రెడింగ్), 7 సెప్టెంబరు 2025

బాబాయ్ గారూ, మీరు చెప్పిన పరీక్ష వంటింటి కిటికీ దగ్గర చేసి చూశాను. నాది కుడి కన్నే. ఏడింటిలో అయిదు నాకు ఎదురుగా నెమ్మదిగా వచ్చినవని ఒప్పుకుంటున్నాను. అడ్డంగా పోయేవన్నీ నన్ను చూసి నవ్వుకుంటూ వెళ్లిపోయాయి.

స్కీట్‌బాబాయ్ (సర్రే), 7 సెప్టెంబరు 2025

అడ్డంగా పోయేదాన్ని చూసి కొడితే తగలదు, దాని ముందు కొట్టాలి. గుళ్లు అక్కడికి చేరేసరికి క్లే ముందుకు జరిగిపోయి ఉంటుంది. అందరూ చేసే తప్పు, ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో తుపాకీని ఆపేయడం. కొట్టిన తరువాత కూడా ఊపు సాగాలి. ఇది రాసి నేర్పలేము.

అన్నట్టు, ఇక్కడి ప్రామాణిక క్లే వ్యాసం ఎంతో తెలుసా? సరిగ్గా 108 మిల్లీమీటర్లు. పేరుకు మట్టి గానీ అది పిచ్ (తారు లాంటి పదార్థం), సున్నపురాయి పొడి కలిపి పోతపోసిన పళ్లెం. మా ఆవిడ మాత్రం, "ఆదివారం పూట అష్టోత్తరం చదవడానికి వెళ్లారు" అని బంధువులకు చెబుతుంది.

మందులచీటీ (బర్మింగ్‌హామ్), 7 సెప్టెంబరు 2025

నేను ఇక్కడ కుటుంబ వైద్యుడిగా పనిచేస్తున్నాను. దరఖాస్తులో వైద్య భాగాన్ని చాలామంది తేలికగా తీసుకుంటారు కనుక అదొక్కటి చెబుతాను. మీ ఆరోగ్య చరిత్రలో సంబంధిత సమస్యలేమైనా ఉన్నాయా అని వైద్యుడి నుంచి సమాచారం అందితే తప్ప పోలీసులు సర్టిఫికెట్ ఇవ్వరు. ఈ సమాచారం ఇవ్వడానికి వైద్యులు రుసుము అడగవచ్చు, కొందరు అసలు ఒప్పుకోకపోవచ్చు కూడా. ఎప్పుడో దిగులు పడి మాత్రలు వాడాను, అది రాస్తే తిరస్కరిస్తారేమో అనుకుని దాచిపెట్టేవారు ఉన్నారు. కుంగుబాటు ఉండటం దానంతట అదే తిరస్కరణకు కారణం కాదు, దాచిపెట్టడం మాత్రం కారణమవుతుంది.

2021 ఆగస్టు 12న ప్లిమత్ నగరంలోని కీహామ్‌లో సర్టిఫికెట్ ఉన్న ఒక యువకుడు మూడేళ్ల పసిపాపతో సహా అయిదుగురిని కాల్చి చంపి తననూ కాల్చుకున్నాడు. అంతకు కొన్ని నెలల ముందు పోలీసులు అతని తుపాకీని, సర్టిఫికెట్‌ను తీసుకుని, ఆ ఘటనకు కొద్ది వారాల ముందే తిరిగి ఇచ్చేశారు. ఆ తరువాతనే ఈ వైద్య పరిశీలన కచ్చితమైంది. కాబట్టి అడిగే ప్రశ్నలు మరీ సొంత విషయాల్లోకి వస్తున్నాయని అనిపించినప్పుడు దీన్ని గుర్తుచేసుకోండి.

స్కీట్‌బాబాయ్ (సర్రే), 8 సెప్టెంబరు 2025

డాక్టరు గారి మాటకు రుసుము సంగతి కలుపుతాను. 2025 ఫిబ్రవరిలో కొత్త షాట్‌గన్ సర్టిఫికెట్ రుసుము 79.50 పౌండ్ల నుంచి 194 పౌండ్లకు పెరిగింది. సర్టిఫికెట్ అయిదేళ్లు చెల్లుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. చట్టం చెప్పేది చాలా క్లుప్తంగా ఉంటుంది: అనుమతి లేని వ్యక్తి చేతికి చిక్కకుండా, ఆచరణలో వీలైనంత వరకు, తుపాకీని భద్రంగా ఉంచాలి. బీరువాయే ఉండాలని కూడా అందులో లేదు. అయినా బీఎస్ 7558 అనే బ్రిటిష్ ప్రమాణానికి సరిపోయే ఉక్కు బీరువాను గోడకు బిగిస్తే తనిఖీకి వచ్చే అధికారితో వాదన ఉండదు. కొనేటప్పుడు మీకున్న తుపాకుల సంఖ్య కన్నా రెండు ఎక్కువ పట్టేది కొనండి. ఒక్క తుపాకీతో ఆగినవాళ్లను నేను చూడలేదు. పైగా, అయిదు తుపాకుల బీరువా అని రాసి ఉన్నదాంట్లో మడమలు ఒకదానికొకటి రాసుకోకుండా మూడు పడితే గొప్ప.

ఇంట్లో ఎక్కడ పెట్టాలంటే, ముందు గది కిటికీలోంచి గాని, వీధి తలుపు తెరిచినప్పుడు గాని కనబడని చోట. మెట్ల కింద గూడు, పడకగదిలో బట్టల అర వెనుక భాగం మంచివి. బీరువా తెచ్చేవాళ్లు అట్టపెట్టె మీద అదేమిటో పెద్ద అక్షరాలతో రాసి వీధిలో దింపిపోతారు. ముందే ఫోన్ చేసి సాదా పెట్టెలో పంపమని అడగండి.

ఉలిసుత్తి (మిల్టన్ కీన్స్), 8 సెప్టెంబరు 2025

నా వృత్తి ఇళ్ల నిర్మాణం. బాబాయ్ గారు "గోడకు బిగిస్తే" అని ఒక్క మాటతో దాటవేశారు గానీ, వచ్చే చిక్కంతా ఆ గోడలోనే ఉంది. ఈ దేశంలో కొత్తగా కట్టిన ఇళ్లలో లోపలి గోడలు చాలావరకు కర్ర చట్రానికి రెండు వైపులా జిప్సం పలకలు కొట్టినవే. వేలితో తట్టితే డొల్ల శబ్దం వస్తుంది. ఆ పలకకు మర బిగిస్తే, చిన్న గునపం ఉన్న దొంగ బీరువాను పలకతో సహా ఊడదీసుకుని భుజాన వేసుకుపోతాడు. ఇటుక గోడ గాని, దిమ్మెల గోడ గాని వెతకండి. దానిలోకి వ్యాకోచించే బోల్టులను బీరువా లోపలి నుంచి, నాలుగు చోట్ల, ఇటుక మధ్యలోకి దించాలి. రెండు ఇటుకల మధ్య సున్నంలోకి దించితే పట్టు ఉండదు. రంధ్రం వేసేముందు లోపల కరెంటు తీగలు, నీటి గొట్టాలు లేవని చూసుకోండి. ఇది చెప్పనవసరం లేదనుకుంటాం గానీ, నేను చూసిన ఒక ఇంట్లో బీరువా కన్నా ముందు ప్లంబరు వచ్చాడు.

మీది జంట ఇల్లు కనుక పొరుగువారితో కలిసిన గోడను వదిలేసి మీ సొంత బయటి గోడనే ఎంచుకోండి. అద్దె ఇల్లయితే రంధ్రాలకు యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి.

తాటిముంజ (లెస్టర్), 8 సెప్టెంబరు 2025

నేను అటక మీద పెట్టాను. పిల్లలు ఎక్కలేరు, అతిథులు చూడరు. అందులో తప్పేముంది?

ఉలిసుత్తి (మిల్టన్ కీన్స్), 9 సెప్టెంబరు 2025

తప్పని అనను. కానీ చాలా అటకల్లో బిగించడానికి కర్ర దూలాలే తప్ప గట్టి గోడ దొరకదు. వేసవిలో పొయ్యిలా కాగి, శీతాకాలంలో చెమ్మ పడుతుంది. నిచ్చెన మీద ఒక చేత్తో తుపాకీ పట్టుకుని దిగడం మరో ప్రమాదం. ఇంటికి అంటుకోకుండా విడిగా ఉన్న గ్యారేజీ గురించైతే అడగనే వద్దు.

స్కీట్‌బాబాయ్ (సర్రే), 9 సెప్టెంబరు 2025

చెమ్మ మాట వచ్చింది కనుక చెబుతున్నాను. వానలో కాల్చి వచ్చిన తుపాకీని తడితో లోపల పెట్టి తాళం వేస్తే, మరుసటి ఆదివారానికి గొట్టం మీద ఎర్రటి చుక్కలు పలకరిస్తాయి. మూడు ముక్కలుగా విప్పి, తుడిచి, మామూలు గది వేడిలో ఆరనిచ్చి, పలుచగా నూనె పూసి పెట్టాలి. అయితే అది ఆరేంతసేపూ మీరు ఆ గదిలోనే ఉండాలి. గొట్టాలను మూతి కిందికి ఉండేలా నిలబెడితే మిగిలిన నూనె కర్ర మడమలోకి దిగదు.

తూటాలను విడిగా తాళం వేసి పెట్టాలని షాట్‌గన్ సర్టిఫికెట్ విషయంలో చట్టం నిర్బంధించదు. అయినా నాలుగేళ్ల బాబు ఉన్న ఇంట్లో చట్టం అడగలేదు కదా అని అల్మరా అడుగున వదిలేస్తామా? రంగురంగుల ప్లాస్టిక్ గొట్టాలు, ఇత్తడి అంచులు: పిల్లలకు అవి లక్కబొమ్మల్లా కనిపిస్తాయి. తుపాకీ ఉన్న బీరువాలో కాకుండా వేరే పెట్టెలో, వేరే తాళంతో పెట్టండి.

మావిచిగురు (రెడింగ్), 10 సెప్టెంబరు 2025

నేను లంకగ్రామం గారి భార్యను. ఈ చర్చ చదవడానికే సభ్యత్వం తీసుకున్నాను. బోల్టుల గురించి, నూనె గురించి చాలా తెలుసుకున్నాను గానీ, నేను అడిగిన ప్రశ్నకు మాత్రం ఇంతవరకు ఎవరూ జవాబు రాయలేదు. మా అత్తగారింట్లోనూ మా పుట్టింట్లోనూ బీరువా తాళాల గుత్తి ఇల్లాలి నడుముననే ఉంటుంది. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో నాకు తెలియకుండా ఉండదు. ఈ బీరువా తాళం సంగతి కూడా అంతేనా?

స్కీట్‌బాబాయ్ (సర్రే), 10 సెప్టెంబరు 2025

అమ్మా, ఈ జవాబు మీకు నచ్చకపోవచ్చు. మీ పేరు మీద సర్టిఫికెట్ లేకపోతే, ఆ తాళం మీ దగ్గర ఉండకూడదు. ఉండకపోవడమే కాదు, అది ఎక్కడుందో మీకు తెలియకూడదు. చట్టం దృష్టిలో అనుమతి లేని వ్యక్తి అంటే దొంగ ఒక్కడే కాదు. భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, పక్కింటివారు అందరూ అందులోకే వస్తారు. తనిఖీకి వచ్చిన అధికారి మా ఇంట్లో మొదట నన్ను కాకుండా మా ఆవిడనే, "తాళాలు ఎక్కడ ఉంటాయో మీకు తెలుసా?" అని అడిగాడు. ఆవిడ ఎంతో గర్వంగా, "ఎందుకు తెలియదు, పూజగదిలో వెండి భరిణెలో" అని చెప్పింది. ఆ రోజు సర్టిఫికెట్ రాలేదు. అంకెల తాళం ఉన్న చిన్న ఇనుప పెట్టె కొని, బీరువా తాళాలను అందులో పెట్టి, ఆ అంకెలు నా తలలో మాత్రమే ఉంచుకున్నాక, రెండో తనిఖీ తరువాత వచ్చింది.

ఆ అంకెలు పెళ్లిరోజు, పుట్టినరోజు, ఇంటి నంబరు, కారు నంబరు కాకూడదు. కాగితం మీద రాయకూడదు. బీరువాతో వచ్చే రెండో తాళపుచెవుల జత కూడా అదే పెట్టెలోకి పోవాలి. చాలామంది ఈ రెండో జతను మరిచిపోయి వంటింటి సొరుగులో పడేస్తారు.

మావిచిగురు (రెడింగ్), 10 సెప్టెంబరు 2025

ధన్యవాదాలు, బాబాయ్ గారూ. నచ్చలేదు, కానీ అర్థమైంది. నాకు తెలియకపోతే నన్ను ఎవరూ బెదిరించి చెప్పించలేరు కదా. అదొక్కటీ ఆలోచిస్తే ఇది అవమానంగా అనిపించడం లేదు. కానీ ఆయనకు ఏదైనా అయితే? ఆసుపత్రిలో ఉంటే?

స్కీట్‌బాబాయ్ (సర్రే), 11 సెప్టెంబరు 2025

పోలీసు లైసెన్సింగ్ విభాగానికి ఫోన్ చేయాలి, వారే వచ్చి చూసుకుంటారు. ఆ నంబరు మాత్రం మీ దగ్గర తప్పక ఉండాలి. మరో మార్గం, మీరు కూడా సర్టిఫికెట్ తీసుకోవడం. ఇద్దరికీ షాట్‌గన్ సర్టిఫికెట్లు ఉంటే ఒకే బీరువా, ఒకే తాళం పంచుకోవచ్చు.

డాలస్_దారి (టెక్సస్), 11 సెప్టెంబరు 2025

దూరం నుంచి చదువుతున్నాను. మా దగ్గర షాట్‌గన్ కొనడానికి లైసెన్సు అక్కరలేదు, ఎవరూ ఇంటికి వచ్చి గోడ తట్టి చూడరు. అయినా పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి, నిండిన తుపాకీ అందేలా వదిలేస్తే ఇక్కడ కూడా నేరమే. మీ పద్ధతి చదివాక నా గన్ సేఫ్ అంకెలు మార్చాను. అవి మా అబ్బాయి పుట్టినరోజు.

గోల్కొండ_గురి (హైదరాబాద్), 13 సెప్టెంబరు 2025

ఇక్కడి సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే సెలవులకు వచ్చిన మిత్రులు, "ఇండియాలో ఇంత కష్టం ఉండదు కదా" అంటూ ఉంటారు. ఉంటుంది. 1959 ఆయుధ చట్టం, 2016 ఆయుధ నియమావళి ప్రకారం నగరంలో పోలీసు కమిషనరు, జిల్లాల్లో కలెక్టరు లైసెన్సు ఇస్తారు. 2019 సవరణ తరువాత మామూలు లైసెన్సుదారుడికి గరిష్ఠంగా రెండు ఆయుధాలే. గుర్తింపు పొందిన క్రీడాకారులకు వేరే మినహాయింపులు ఉన్నాయి. ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషన్‌లో జమ చేయమంటారు. ఆట విషయానికి వస్తే, మా ఊరి కైనాన్ చెనాయ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ట్రాప్ అనే క్లే పోటీలో జట్టుతో స్వర్ణం, విడిగా కాంస్యం గెలిచినప్పటి నుంచి ఆ ఆట పేరు కూడా వినని వాళ్లు మమ్మల్ని ఆపి అడుగుతున్నారు. మీకు ఆదివారం తీరికగా దొరికే క్లేలు ఇక్కడ అంత సులువుగా దొరకవు. దొరికినప్పుడు బాగా కొట్టండి.

తాటిముంజ (లెస్టర్), 22 సెప్టెంబరు 2025

ఈ రోజే నవరాత్రులు మొదలయ్యాయి కనుక ఒక సందేహం. వచ్చే వారం ఆయుధపూజ నాడు మా ఇంటికి ఇరవై మంది వస్తున్నారు. తుపాకీని బయటకు తీసి, అమ్మవారి ముందు కుంకుమ బొట్టు పెట్టి, సాయంత్రం దాకా ఉంచవచ్చునా? నిండి ఉండదు, విప్పే ఉంటుంది.

స్కీట్‌బాబాయ్ (సర్రే), 22 సెప్టెంబరు 2025

మీ కళ్ల ముందు, మీ చేతికి అందేంత దూరంలో ఉన్నంతసేపే అది మీ అధీనంలో ఉన్నట్టు. వడ్డనకు మీరు వంటింట్లోకి వెళ్లిన మరుక్షణం అది ఇరవై మంది అధీనంలో ఉన్నట్టు. వాళ్లలో ఎవరో ఒక కుర్రాడు దాన్ని భుజాన పెట్టుకుని ఫోటో దిగుతాడు, ఆ ఫోటో సాయంత్రానికల్లా పది వాట్సాప్ గుంపుల్లో తిరుగుతుంది. సర్టిఫికెట్ లేకుండా తుపాకీ చేతపట్టినందుకు ఆ కుర్రాడూ, పట్టనిచ్చినందుకు మీరూ చిక్కుల్లో పడతారు. పైగా ఆ ఇంట్లో తుపాకీ ఉందని కొత్తగా ఎంతమందికి తెలుస్తుందో ఆలోచించండి.

నేను చేసేది ఇది: అతిథులు రాకముందే తెల్లవారుజామున బీరువా తలుపుకు లోపలి వైపున పసుపు, కుంకుమ పెట్టి, ఒక పువ్వు ఉంచి, తాళం వేసేస్తాను. అమ్మవారికి ఉక్కు తలుపు అడ్డం కాదు.

తాటిముంజ (లెస్టర్), 23 సెప్టెంబరు 2025

అలాగే చేస్తాను. అటక మీదికి పువ్వు పట్టుకుని ఎక్కాలి, అదొక్కటే ఇబ్బంది.

ఉలిసుత్తి (మిల్టన్ కీన్స్), 23 సెప్టెంబరు 2025

అందుకే కిందికి దింపమంటున్నాను.

లంకగ్రామం (రెడింగ్), 18 జనవరి 2026

ఆలస్యంగా తిరిగి రాస్తున్నందుకు మన్నించాలి. బాబాయ్ గారి మాట విని శీతాకాలం సగం వరకు మైదానం తుపాకీతోనే సాధన చేశాను. ఇప్పుడు ఇరవై ఐదింటిలో పదిహేడు, పద్ధెనిమిది పడుతున్నాయి, అడ్డంగా పోయేవి కూడా. నవంబరులో దరఖాస్తు పంపాను. గత మంగళవారం అధికారి ఇంటికి వచ్చారు. బీరువాను లాగి చూశారు, కదలలేదు. ఉలిసుత్తి గారికి ధన్యవాదాలు. మైదానం నుంచి వచ్చేటప్పుడు దారిలో ఎక్కడైనా ఆగుతారా అని అడిగితే, భారతీయ సరుకుల దుకాణం దగ్గర ఆగుతానని నిజం చెప్పేశాను. తుపాకీ డిక్కీలో ఉన్నప్పుడు వీలైనంత వరకు ఆగవద్దని, తప్పనిసరైతే సంచీలో కప్పి తాళం వేసి, గొట్టాల కింద ఉండే ముందు కర్రను విప్పి వెంట తీసుకువెళ్లమని చెప్పారు. జేబులో ఆ కర్ర ముక్కతో కరివేపాకు కొనడం ఊహించుకుని, సరుకులకు శనివారమే వెళ్లాలని నిర్ణయించుకున్నాను.

తరువాత నా భార్యను విడిగా కూర్చోబెట్టి మాట్లాడారు. తాళం ఎక్కడ ఉందో తెలుసా అని అడిగారట.

మావిచిగురు (రెడింగ్), 18 జనవరి 2026

తెలియదని చెప్పాను. ఆయన నమ్మినట్టు లేదు, ఇంకోసారి అడిగారు. ఇరవై నిమిషాలు వెతికినా దొరకలేదని కూడా చెప్పాను. అప్పుడు నమ్మారు.

స్కీట్‌బాబాయ్ (సర్రే), 18 జనవరి 2026

సర్టిఫికెట్ రాగానే ఒక సంతకం మరిచిపోవద్దు, దాని మీద సిరాతో మీరు సంతకం చేయాలి. తుపాకీ కొన్న ఏడు రోజుల లోపు పోలీసులకు తెలియజేయాలి. ఇల్లు మారితే ఆ సంగతీ వెంటనే చెప్పాలి. కొనడానికి వెళ్లేటప్పుడు నాకు ఒక మాట చెప్పండి, మడమ పొడవు సరిపోయిందో లేదో చూడటానికి నేను కూడా వస్తాను.